ఉక్తలేఖనం ఎవరికి పెట్టాలి?

ఒకరు అన్న మాటను మళ్లీ అదే మాటగా చెప్పడానికి, రాయడానికి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో చూడండి. యథాతథం, ఉన్నదున్నట్టు, మక్కికి మక్కి, పొల్లు పోకుండా, వల్లె వేయడం, అప్పజెప్పడం, చూచిరాత, ఉక్తలేఖనం. ఇన్ని మాటలున్న భాషలో ఒక ఆదివాసీ ముసలాయన చెప్పిన సంగతి చెప్పినట్టుగా సర్కారు కాగితం మీదికి ఎక్కడం మాత్రం అరుదు. మన పిల్లవాడు పాఠంలోని ఒక్క మాట మార్చి చెబితే మార్కు పోతుంది. మన తాత చెప్పిన పది మాటల్లో తొమ్మిది మార్చి రాసిన ఉద్యోగికి ఏమీ పోదు.

మేం చెప్పదలచుకున్నది ఇంతే. యథాతథం అడగకూడని చోట మన పిల్లల్ని అడుగుతున్నారు. అడిగి తీరాల్సిన చోట అధికారుల్ని ఎవరూ అడగడం లేదు. ఇది తిరగబడాలి. తిరగెయ్యాల్సింది మనమే.

మాటల లోపల ఏముంది

'యథాతథం' సంస్కృతం నుంచి వచ్చిన మాట. ఎలా ఉందో అలాగే అని అర్థం. తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరి మాటను, ఎవరు, ఎందుకు అలాగే ఉంచుతున్నారన్న దాన్ని బట్టి దానికి విలువ వస్తుంది.

'అప్పజెప్పడం' అనే మాట చూడండి. పశువుల కాపరి పొద్దున తోలుకెళ్లిన గొడ్లను సాయంత్రం ఆసామికి అప్పజెబుతాడు. గొడ్లు ఆయనవి కావు. ఎన్ని తీసుకెళ్లాడో అన్నీ తిరిగి ఇవ్వాలి. బడిలో పిల్లవాడు పాఠం అప్పజెప్పడం కూడా అలాంటిదే. పాఠం వాడిది కాదు. పంతులుగారు ఇచ్చారు, వాడు తిరిగి ఇచ్చేశాడు, లెక్క సరిపోయింది. ఇచ్చేశాక వాడి దగ్గర ఏం మిగిలిందని ఎవరూ అడగరు.

'పొల్లు' అంటే గింజ లేని ఊక. అచ్చు చేరని హల్లు గుర్తుకు కూడా పొల్లు అనే పేరు. 'అక్షరం పొల్లు పోకుండా రాశాడు' అంటే ఆ చిన్న గుర్తు కూడా వదలకుండా రాశాడని మెచ్చుకోవడం. మన వాళ్ల వాంగ్మూలం రాసేటప్పుడు జరిగేది దీనికి ఎదురు. గింజలు తీసేసి పొల్లు మాత్రం ఫైల్లో దాస్తారు.

ఇక 'మక్కికి మక్కి'. మక్కీ అంటే హిందీలో ఈగ. దీనికి పెద్దలు ఒక కథ చెబుతారు. ఒక గుమాస్తాకు పాత దస్తావేజు ఇచ్చి నకలు తీయమన్నారట. పాత కాగితంలో ఒకచోట ఈగ నలిగి అంటుకుపోయి ఉంది. గుమాస్తా నకలు రాస్తూ రాస్తూ అక్కడికి వచ్చాడు. ఆగి, ఒక ఈగను పట్టి చంపి, సరిగ్గా అదే చోట అంటించాడట. కథ నిజమో కాదో గానీ ఆ గుమాస్తా సంతతి మాత్రం మన ఏజెన్సీలో ఇంకా ఉద్యోగాలు చేస్తోంది. దాని సంగతి తర్వాత.

మరో రూపం 'యథాతథ స్థితి'. కోర్టు స్టేటస్ కో ఇచ్చినప్పుడు పేపర్లో ఈ మాట రాస్తారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది, ఎవరినీ కదపవద్దు అన్నట్టు. పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు భూమి తగాదాలు చూసినవాళ్లకు దీని రుచి తెలుసు. భూమి అప్పటికే గిరిజనేతరుడి చేతిలో ఉంటే యథాతథ స్థితి అంటే తీర్పు వచ్చేదాకా పంట అతను కోసుకోవడమే. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో తెచ్చిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది, ఏం చెబుతోంది? ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి, కాదంటే అతనే రుజువు చేసుకోవాలి అని చెబుతోంది. అన్యాయం జరిగిపోయిన తర్వాత 'ఉన్నదున్నట్టు ఉంచండి' అంటే ఎవరి పక్షమో చెప్పనక్కర్లేదు.

బడిలో యథాతథం

కోయ పిల్లవాడు ఒకటో తరగతిలోకి వస్తాడు. వాడి ఇంట్లో 'ఏరు' అంటే నీళ్లు. బడిలో 'ఏరు' అంటే వాగు. వాడి ఇంట్లో 'నన్న' అంటే నేను. బడిలో దాదాపు అదే చప్పుడుతో 'నాన్న' అంటే తండ్రి. వాడికి దాహం వేసి 'ఏరు' అంటే, గ్లాసు చూపించి 'ఏరు కాదురా, నీళ్లు' అని దిద్దుతారు. ఆ దిద్దడంలో వాడికి అర్థమయ్యేది కొత్త మాట ఒకటి ఉందని కాదు. తన ఇంటి మాట తప్పని. రెండు మూడు నెలలకు వాడు ఒక ఉపాయం నేర్చుకుంటాడు. నోరు మూసుకోవడం. మూయలేనప్పుడు సారు అన్నదాన్ని అలాగే అనేయడం. అప్పుడు రిజిస్టర్లో 'మెరుగుపడ్డాడు' అని రాస్తారు.

కొండరెడ్ల పిల్లల ఇంటి భాష తెలుగే. అయినా వాళ్లకూ ఈ బాధ తప్పలేదు. కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల తెలుగు పుస్తకాల తెలుగు అయింది. రంపచోడవరం పైన, మారేడుమిల్లి పైన కొండల్లో మాట్లాడే తెలుగు 'యాస' అయింది. గోదావరి ఒకటే. కింద డెల్టాలో పలికితే భాష, పైన కొండలో పలికితే తప్పు.

ఆశ్రమ పాఠశాలల్లో పై తరగతులకు వచ్చేసరికి ఇది ముదురుతుంది. గైడులోని జవాబు, బోర్డు మీద జవాబు, నోట్సులో జవాబు, పరీక్షలో జవాబు నాలుగూ ఒకటే. చూచిరాతతో మొదలైన చదువు చూడకుండా రాతతో ముగుస్తుంది. నడుమ ఆలోచన అనే మెట్టు ఎక్కడా తగలదు. అడవిలో చెట్ల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పగల పిల్ల, ఏ కాయ ఏ నెలలో రాలుతుందో తెలిసిన పిల్ల, 'అడవుల వల్ల ఉపయోగాలు' అనే ప్రశ్నకు గైడులోని ఐదు పాయింట్లు రాస్తుంది. ఇప్పపువ్వు, అడ్డాకు, చీపురు పుల్ల, వెదురు ఆ ఐదింటిలో లేకపోతే తన జవాబులో కూడా ఉండవు. రాస్తే మార్కు వస్తుందో రాదో తెలియదు కదా!

చట్టం ఇలా ఉండమనలేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 బట్టీ పద్ధతి నుంచి చదువును బయటపడెయ్యాలంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, సాధ్యమైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంది. పిల్లలు ఎంత అప్పజెప్పారన్నది కాకుండా ఎంత అర్థం చేసుకున్నారు, దాన్ని ఎలా వాడగలరు అన్నది చూడాలని కూడా అదే సెక్షను చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, సవర, గోండి, కువి, కొండ, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే బహుభాషా విద్య మొదలైంది. కోయ మాటలతో వాచకాలు వచ్చాయి. 'మీ భాషకు లిపి లేదు కదా' అనేవాళ్లకు ఆ వాచకాలే జవాబు. అంటే దారి ఉంది, నడిచి చూసిన గుర్తులూ ఉన్నాయి. కాగితం మీద ఉన్న ఈ మాటల్ని యథాతథంగా అమలు చేయమంటే మాత్రం 'ప్రాక్టికల్‌గా కష్టమండి' అంటారు.

ఇక్కడ టీచరు మిత్రులు ఒక మాట అడుగుతారు. 'ఎక్కాలు బట్టీ పట్టకుండా ఎలా? పద్యం కంఠతా రాకుండా ఎలా? మీ పెద్దవాళ్లు మాత్రం పాటలు నోటితో నేర్చుకోలేదా?' న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పుకుందాం.

జ్ఞాపకానికి మేం వ్యతిరేకం కాదు. మన సమాజమంతా జ్ఞాపకం మీద నిలబడింది. అయితే మన పెద్దలు ఎక్కడ పొల్లు పోకూడదో, ఎక్కడ మార్చుకోవచ్చో విడదీసి చూశారు. కోయలకు గట్లు ఉన్నాయి. ఏ ఇంటిపేరు ఏ గట్టుకు చెందుతుందో, ఏ వేల్పు ఎవరిదో తప్పు చెప్పకూడదు. తప్పితే వరస తప్పుతుంది, కుదరకూడని పెళ్లి కుదురుతుంది. అందుకే అక్కడ ఖచ్చితత్వం అడుగుతారు. పడిగె విప్పి వంశాల కథ పాడే డోలి కళాకారుల దగ్గర కూడా అంతే. గోదావరికి అవతల కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం ఒక మనిషి కంఠంలో నిలిచిన వంశ చరిత్రలకు దక్కిన గౌరవం.

అదే పెద్దలు పండుగలో రేల పాట పాడేటప్పుడు ఏం చేస్తారు? పల్లవి అందరూ ఒకేలా పట్టుకుంటారు. చరణం మాత్రం ముందు పాడే మనిషి ఇష్టం. ఈ ఏడు వాన ఆలస్యమైతే అది పాటలోకి వస్తుంది. కొత్తగా వచ్చిన అల్లుడి మీద చమత్కారం వస్తుంది. రోడ్డు రాలేదన్న కోపం వస్తుంది. పోయిన ఏడాది పాడిన చరణమే మళ్లీ పాడితే 'ఈ ఏడు నీకేం తోచలేదా' అని ఆడవాళ్లు నవ్వుతారు.

తప్పితే మనిషికి నష్టం జరిగే చోట యథాతథం. మనిషి మనసు పని చేయాల్సిన చోట స్వేచ్ఛ. మన పెద్దల పద్ధతి ఇది. ఎక్కాలు పల్లవి లాంటివి, అందరూ ఒకేలా పట్టుకోవాల్సిందే. 'మీ ఊరి గురించి రాయండి' అన్న ప్రశ్న చరణం. దానికి గైడులో జవాబు ఉండటమే వింత.

ఆఫీసులో పోయే మాటలు

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. తప్పితే మనిషికి నష్టం జరిగే చోటు అంటే కాగితం. పోలీసు స్టేషన్లో, రెవెన్యూ ఆఫీసులో, గ్రామసభలో మన మాట రాసే కాగితం.

2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో 13వది సాక్ష్యాల గురించి. పట్టాలు, రసీదులు, మ్యాపులే కాకుండా ఊరి పెద్దలు నోటితో చెప్పినది రాసి పెడితే అది కూడా ఆధారమే అని అక్కడ ఉంది. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పాలి, దాన్ని రాతలో పెట్టాలి. హక్కు తేల్చేటప్పుడు ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు చూడాలి కాబట్టి, కాగితాలు తక్కువ ఉన్న కుటుంబానికి పెద్దల మాట ఎంతో బలం. చదువు రాని మనిషి నోటి మాటకు ఈ నిబంధనలు ఇంత విలువ ఇవ్వడం చిన్న విషయం కాదు. కానీ ఆ విలువ అంతా 'రాతలో పెట్టడం' అనే చిన్న పని మీద ఆధారపడి ఉంది. రాసే చేయి ఎవరిది?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. శబరి ఒడ్డున ఒక ముసలాయన ఇలా చెప్పాడనుకోండి: 'పెద్ద వరద రాకముందు నుంచే వాళ్ల నాయన ఆ కొండ కొట్టుకున్నాడు. మూడేళ్లు పండిస్తారు, వదిలేస్తారు. అడివి లేచాక మళ్లీ వచ్చి కొడతారు. ఇప్పుడు పక్క చెక్కలో ఉన్నారు.' రాసే ఆయన కాగితం మీద పెట్టింది ఇది: 'సదరు భూమి ప్రస్తుతం సాగులో లేదు. సాగు ప్రారంభించిన తేదీ తెలియదని సాక్షి చెప్పినాడు.'

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. చట్టం అడిగేది 2005 డిసెంబరు 13కు ముందు ఆ అడవి భూమి స్వాధీనంలో ఉందా అని. ముసలాయన జవాబు చెప్పాడు. ఆ ఒడ్డున 'పెద్ద వరద' అంటే 1986 ఆగస్టు వరద. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది అప్పుడే. ఆయనకు తారీఖు తెలియకపోవచ్చు గానీ చెప్పిన గుర్తు తారీఖు కంటే గట్టిది. ఏ రికార్డులో చూసినా 1986 అనే తేలుతుంది, 2005కు పందొమ్మిదేళ్లు ముందు. రాసే ఆయన ఆ గుర్తును తీసేసి 'తెలియదు' అని పెట్టాడు. 'వదిలేస్తారు, మళ్లీ వస్తారు' అన్న పోడు పద్ధతిని 'సాగులో లేదు' అని కుదించాడు. అబద్ధం రాశానని ఆయన అనుకోడు. సారాంశం రాశాననుకుంటాడు. ఆ సారాంశంలో ఒక కుటుంబం బతుకు పోయింది.

అందుకే సారాంశం చాలంటే మేం ఒప్పుకోం. 'పెద్ద వరద' అంటే 'పెద్ద వరద' అనే రాయాలి. కావాలంటే కింద '1986' అని వివరం చేర్చుకోవచ్చు. కోయలో చెబితే కోయ మాటలే తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాయాలి. సమయం పడుతుందంటారా? పట్టా కోసం మనవాళ్లు ఎన్నేళ్లు తిరిగారో లెక్క వేసుకుంటే ఆ అరగంట ఎక్కువేం కాదు.

పోలీసు స్టేషన్లో కూడా చట్టం స్పష్టంగానే ఉంది. నోటితో చేసిన ఫిర్యాదును రాయాలి, రాసినది ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి, తర్వాతే సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఇదే విషయాన్ని అధికారి విధిగా మళ్లీ రాసింది. విధి కావాలని తప్పితే ఆ ఉద్యోగికి శిక్ష కూడా ఉంది. ఎందుకు అంత గట్టిగా రాయాల్సి వచ్చింది? చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకునే అలవాటు లేకపోతే అలాంటి సెక్షను అవసరమే ఉండదు.

ఈగలు అంటించిన తీర్మానాలు

ఇప్పుడు ఆ గుమాస్తా కథకు వద్దాం. 1996 పెసా చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చింది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షను, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు అంగీకారం కావాలంది. అంగీకారం అంటే జనం కూర్చుని, మాట్లాడుకుని, వాదించుకుని, చివరికి చెప్పిన మాట. ఆ మాట తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి.

మన ఏజెన్సీలో తిరిగిన తీర్మానాలు చదివిన యువకులకు ఒక సంగతి తెలుసు. ఒక ఊరి తీర్మానం, పక్క ఊరి తీర్మానం, వాగవతలి ఊరి తీర్మానం చాలాసార్లు ఒకటే. అదే 'సుదీర్ఘ చర్చ అనంతరం', అదే 'ఏకగ్రీవంగా', అదే 'హర్షం వ్యక్తం చేయుచూ'. మేం చూసిన ఒక కాగితంలో పైన ఒక ఊరి పేరు ఉంది, మూడో పేరాలో ఇంకో ఊరి పేరు ఉంది. మార్చడం మరిచిపోయారు. అదే ఈగ. ఊళ్లో సుదీర్ఘ చర్చ జరగకముందే కంప్యూటర్లో ముగిసిపోయింది.

ఎంత వింతో చూడండి. జనం మాటను యథాతథంగా రాయడానికి చేయి రాదు. జనం అనని మాటను పది ఊళ్లకు యథాతథంగా రాయడానికి మాత్రం వస్తుంది. 'ఒప్పుకోం' అన్న మనిషి పేరు, 'ముందు భూమికి భూమి చూపించండి' అన్న ఆవిడ మాట ఆ పేజీలో వెతికినా దొరకవు.

పేర్ల సంగతి కూడా ఇంతే. మడివి ఒక కాగితంలో మాడివి, మరోదాంట్లో మడవి. సోడి, సోడె. కుంజ, కుంజా. తండ్రిది ఒక రకం, కొడుకుది ఒక రకం, ఆధార్లో మూడో రకం. జోగడని బడిలో చేరిన పిల్లవాడు పదో తరగతి సర్టిఫికెట్లో జోగారావు. పేరు రాసింది ఒక ఉద్యోగి. కులధ్రువీకరణ దగ్గరికి వచ్చేసరికి 'మీ పేర్లు కలవడం లేదు' అని మన పిల్లవాణ్ణి తిప్పేది మరో ఉద్యోగి. అక్షరం మార్చింది వాళ్లు, అఫిడవిట్ ఖర్చు మనది.

చరిత్రలో ఎవరి మాట

1879లో రంప కొండల్లో మనవాళ్లు తిరగబడ్డారు. కల్లు మీద వేసిన పన్నులు, మన్సబుదారు దోపిడీ, మైదానం నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారులు, వాళ్ల పక్షాన నిలిచిన పోలీసులు, కోర్టులు కారణం. కారం తమ్మన్నదొర లాంటి నాయకులు ప్రాణాలిచ్చారు. ఆ పోరాటానికి ఇంగ్లీషు దొరల కచేరీలో పెట్టిన పేరు 'ఫితూరీ'. అల్లరి, కలహం అని వాళ్ల అర్థం. తెలుగు వాడుకలో 'పితూరీ చెప్పడం' అంటే ఒకరి మీద చాడీ చెప్పడం.

దాదాపు నూట యాభై ఏళ్లుగా ఆ మాటనే వల్లె వేస్తున్నారు. బడి పిల్లవాడు 'రంప పితూరీ ఎప్పుడు జరిగింది' అన్న బిట్టుకు 1879 అని టిక్కు పెడతాడు. తన తాత ముత్తాతలు చేసిన యుద్ధాన్ని దాన్ని అణచినవాళ్ల మాటతో అప్పజెబుతాడు. వాళ్లు తమ పోరాటాన్ని ఏమని పిలుచుకున్నారో ఆ బిట్టు అడగదు.

ఇందుకు ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా ఒకాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు ప్రతి బడిలో ఆయన ఫోటోకు దండ వేస్తాం. జనం మాట్లాడే తెలుగులో రాయాలని పోరాడారని ఉపన్యాసం ఇస్తాం. అంతటితో ఆపేస్తాం. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. సవరలు ఎలా పలికారో ఆ పలుకుబడి పోకుండా రాయడానికి ఆయన ఎన్నో ఏళ్లు వెచ్చించారు. పుస్తకాల తెలుగును యథాతథంగా వల్లె వేయమన్న పండితులను ఎదిరించిన మనిషే, ఆదివాసీ నోటి మాటను యథాతథంగా రాయడానికి అంత శ్రమపడ్డారు. ఈ రెండూ ఒకే పని అని ఆయనకు తెలుసు. ఆయన ఫోటోకు దండ వేసేవాళ్లకే తెలియడం లేదు.

చేయాల్సిన పని

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇది ఎవరో వచ్చి చేసే పని కాదు. మీలో పదో తరగతి దాటినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. గ్రామసభ జరిగేటప్పుడు ఒకరు నోటుబుక్కు పట్టుకుని కూర్చోండి. ఎవరు ఏమన్నారో అన్న మాటల్లోనే రాయండి. కోయలో అంటే కోయలోనే. తీర్మానం రాసిన తర్వాత పెద్దగా చదవమని అడగండి. మీ నోటుబుక్కుతో పోల్చండి. తేడా ఉంటే సంతకాలకు ముందే లేచి చెప్పండి. వేలిముద్ర వేసే పెద్దవాళ్ల పక్కన నిలబడి, 'అవ్వా, వాళ్లు రాసింది నీ మాటేనా' అని అడగండి. ప్రతి కాగితానికి నకలు తీసుకోండి. కొత్తగా పుట్టిన బిడ్డ పేరు, ఇంటిపేరు రాయించేటప్పుడు ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే రాయించండి. మొదటి కాగితం సరిగా ఉంటే ఆఫీసుల చుట్టూ తిరుగుడు చాలావరకు తప్పుతుంది.

టీచరు మిత్రులారా, మన చేతిలో ఉన్నది కూడా తక్కువేం కాదు. పిల్లవాడు 'ఏరు' అంటే ఇంటూ పెట్టకండి. బోర్డు మీద 'ఏరు', 'నీళ్లు' రెండూ రాయండి. రెండూ సరైనవే అని చెప్పడానికి ఏ జీవో అక్కర్లేదు. వారంలో ఒక ప్రశ్నకైనా గైడులో లేని జవాబు అడగండి. సొంత మాటల్లో రాసిన తప్పుల వాక్యానికి, బట్టీ పట్టిన తప్పుల్లేని వాక్యం కంటే ఒక మార్కు ఎక్కువ వేయండి. మన సమగ్ర మూల్యాంకనం అనే పెద్ద మాటకు అసలు అర్థం అదే.

ఉక్తలేఖనం మానేయమని మేం అనడం లేదు. ఉక్తం అంటే చెప్పబడినది, లేఖనం అంటే రాయడం. మంచి విద్య అది. పుస్తకంలోని పేరా చదివి రాయించే బదులు, పిల్లల్ని ఇంటికి పంపండి. తాత దగ్గరో అవ్వ దగ్గరో కూర్చుని, ఊరు ఎలా పుట్టింది, ఏ వాగు ఎవరి పేరు మీద ఉంది, పెద్ద వరదప్పుడు ఎక్కడికి ఎక్కారు, పోడు ఎక్కడెక్కడ కొట్టారు అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకు రమ్మనండి. మర్నాడు ఆ రాతను ఆ పెద్దవాళ్లకే చదివి వినిపించమనండి. 'అలా అనలేదురా' అంటే దిద్దుకోమనండి. ఆ దిద్దుబాటుకు ఎర్ర సిరా పెన్ను మనది కాదు, అవ్వది. ఇలా ఐదేళ్లు చదివిన పిల్లలు రేపు సచివాలయంలో, పోలీసు స్టేషన్లో, కలెక్టరు ఆఫీసులో కూర్చుంటే ఒక మనిషి నోటి మాటను ఎలా రాయాలో ఎవరూ వాళ్లకు నేర్పనక్కర్లేదు.

అధికారుల్ని అడగాల్సింది కూడా ఇదే. ఏజెన్సీలో వాంగ్మూలం రాసే ప్రతి ఉద్యోగికి ఒక పరీక్ష పెట్టండి. కోయ అవ్వ ఒకావిడ ఐదు నిమిషాలు మాట్లాడుతుంది. ఆయన రాయాలి. రాసినది ఆమెకు చదివి వినిపించాలి. ఎన్ని మాటలు మారాయో ఆవిడే లెక్క చెబుతుంది. మన ఒకటో తరగతి పిల్లవాడికి ఏ కొలత పెట్టారో ఆ కొలతే పెట్టండి. ఎంతమంది పాసవుతారో చూద్దాం.